విశాఖ ఉక్కపోతలో అక్వేరియం చేపలు

చేప పైకొచ్చి గుటకలు వేస్తుంటే చాలామంది వెంటనే షాపుకెళ్లి నీలం మందు తెస్తారు. దయచేసి ఆగండి. ముందు థర్మామీటర్ చూడండి, తర్వాత అమ్మోనియా టెస్ట్ కిట్ తీయండి. రెక్కలు ముడుచుకోవడం, రంగు వెలవెలబోవడం, మూలన నక్కడం, తిండి మానేయడం చాలాసార్లు జబ్బుకంటే ముందే కనిపించే ఒత్తిడి గుర్తులు. నేను చూసినంతలో దీనికి పెద్ద కారణం నీళ్లు ఉన్నట్టుండి మారిపోవడమే.

ఆదివారం తొట్టంతా ఖాళీ చేసి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పిండి, కొత్త నీళ్లు నింపుతారు. చూడ్డానికి తళతళలాడుతుంది. కానీ చేపల మలినాల నుంచి పుట్టే విషపు అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ స్పాంజిలోనే. కుళాయి నీటి క్లోరిన్‌కి అది చస్తే మళ్లీ కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. 100 లీటర్ల తొట్టికి వారానికి 20–25 లీటర్లు మారిస్తే చాలు. స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండాలి. కొత్త నీళ్లను ముందురోజే బకెట్లో పట్టి ఎయిర్ స్టోన్ (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) వేసి ఉంచండి, లేదా సీసా మీద రాసిన మోతాదులో యాంటీ క్లోరిన్ కలపండి. మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు మాత్రం పట్టొద్దు, కాలిపోతుంటాయి. తొట్టి నీళ్లకూ వాటికీ 2 డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. సముద్రం పక్క పేటల్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మోలీలు తట్టుకుంటాయి, నియాన్ టెట్రాలు తట్టుకోలేవు.

ఇక వేడి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8.2 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పడుతుంది, 32 దగ్గర సుమారు 7.3. అదే సమయంలో చేపకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. ఫ్యాన్ గాలి నీటి మీదకు తిప్పితే ఆవిరై చల్లబడుతుంది కానీ, మన ఉక్కలో దాన్నే నమ్ముకుంటే కుదరదు. పైనీళ్లు బాగా కదిలేలా ఎయిర్ పంపును రాత్రీపగలూ నడపండి. ఐసు ముక్కలు వేయొద్దు. ఏసీ గదిలో తొట్టి ఉంటే రాత్రి 24, పగలు 32 అవుతుంది. నిలకడగా ఉండే 30 కంటే చేపకు ఈ ఊగిసలాటే ఎక్కువ హాని. తొట్టిని హాల్లోకి మార్చండి, లేదా హీటర్ 28కి పెట్టండి. గోల్డ్‌ఫిష్ చల్లటి నీటి చేప. దాన్ని మన వేసవిలో చిన్న గాజు గిన్నెలో ఉంచడం అన్యాయం.

అక్టోబరు, నవంబరుల్లో తుఫాను భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఊరు రోజుల తరబడి చీకట్లో ఉంది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. అది లేకపోతే తొట్టి నీళ్లనే మగ్గుతో తీసి కాస్త ఎత్తు నుంచి మళ్లీ పోస్తూ ఉండండి. తిండి ఆపేయండి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు మూడు నాలుగు రోజుల పస్తు ఏమీ కాదు. క్యానిస్టర్ ఫిల్టర్ (తొట్టి బయట పెట్టే మూసిన డబ్బా ఫిల్టర్) గంటల తరబడి ఆగితే లోపలి నీళ్లు కుళ్లిపోతాయి. కరెంటు రాగానే స్విచ్ వేయకుండా ఆ నీళ్లు పారబోసి, లోపలి స్పాంజిని తొట్టి నీళ్లతో జాడించి అప్పుడు నడపండి. మర్నాడు అమ్మోనియా చూడండి. పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియా విషం దాదాపు పది రెట్లవుతుంది కాబట్టి, పీహెచ్ ఎక్కువగా ఉండి అమ్మోనియా 0.25 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) చూపించినా పావు వంతు నీళ్లు మార్చేయండి.