విద్యలో గుడిని మింగిన ఆరు పోగులు

సంచికకి ఏదైనా రాసి పంపమని మన బ్యాచ్ గ్రూపులో ఇప్పటికి మూడుసార్లు గుర్తు చేశారు. చదువుల గురించీ మార్కుల గురించీ రాయడానికి నా దగ్గర సరుకు లేదని మీకందరికీ తెలిసిందే. తొమ్మిదో తరగతిలో నేను కుట్టిన బడి చిహ్నం మాత్రం చాలామందికి గుర్తుండే ఉంటుంది, దాన్ని కోడిగుడ్డు బొమ్మ అంటూ పదో తరగతి అయిపోయేదాకా నన్ను ఏడిపించారు కదా. ఆ గుడ్డు ఎలా వచ్చిందో ఇన్నేళ్ళకి తెలిసింది, అదే రాస్తున్నాను.

శుక్రవారం ఆఖరి పీరియడ్ కుట్లు అల్లికల క్లాసు. నరసాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్ళు ఏ అరుగు మీద కూర్చున్నా చేతిలో క్రోషే సూది ఆడుతూనే ఉండేది కాబట్టి లేసు మనకి ఇంట్లోనే వచ్చేసేది. బడిలో టీచరుగారు నేర్పింది గొలుసు కుట్టు, కాడ కుట్టు, ఆ తర్వాత క్రాస్ స్టిచ్. మనం ఇంటూ కుట్టు అనేవాళ్ళం, గడిలో ఇంటూ మార్కు పెట్టినట్టు ఉంటుంది కదా. అందరూ చిలకలూ గులాబీలూ కుడుతుంటే నాకు గొప్పకి పోయి వార్షికోత్సవానికి బడి చిహ్నం కుట్టాలని బుద్ధి పుట్టింది. గుండ్రటి అంచు, మధ్యలో దీపం, కింద 'విద్య' అని అక్షరాలు. లెక్కల గ్రాఫు కాగితం మీద 66 గళ్ళ వెడల్పు, 66 గళ్ళ ఎత్తుతో సున్నా గీసుకున్నాను, కాగితం మీద చక్కగా కుదిరింది. అమ్మ అరమీటరు మ్యాటీ గుడ్డ, అంటే గళ్ళు గళ్ళుగా నేసిన గుడ్డ, నాలుగు లచ్చిల దారం కొనిచ్చింది.

లచ్చిలో దారం ఆరు పోగులు కలిపి పేనినట్టు ఉంటుంది. దాన్ని విడదీసి వాడాలని మనలో ఎవరికి తెలుసు? ఆరు పోగులూ అలాగే సూదిలోకి ఎక్కించి, ఎక్కకపోతే కొస నోట్లో పెట్టి తడిపి మరీ ఎక్కించి, నెల రోజులు కుట్టాను. తీరా చూస్తే సున్నా నిలువుగా సాగింది. అక్షరాల్లో రంధ్రాలు పూడిపోయాయి, 'వి' మీద గుడి ఉబ్బిన దారంలో కలిసిపోయింది. టీచరుగారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూసి, "ఏమే, గుడినీ గుడిలో లింగాన్నీ మింగేవాళ్ళని విన్నాను గానీ, విద్యలో గుడిని మింగినదాన్ని నిన్నే చూస్తున్నా" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు. ఆవిడ మాత్రం దాన్ని పారెయ్యనివ్వలేదు, వార్షికోత్సవం రోజు బల్ల మీద చిలకల మధ్యే పెట్టించారు.

మొన్న ఊరెళ్ళినప్పుడు అమ్మ పెట్టెలో ఆ గుడ్డ దొరికితే టేపు పెట్టి కొలిచాను. అడ్డంగా అంగుళానికి 11 గళ్ళు, నిలువుగా 9 గళ్ళు! అంటే 66 గళ్ళు అడ్డంగా 6 అంగుళాల్లో అయిపోతే, నిలువుగా 7 అంగుళాలు దాటి పోయాయి. నేను లెక్క తప్పలేదన్నమాట, పడుగు పోగులకీ పేక పోగులకీ మధ్య ఒత్తు తేడా ఉన్న గుడ్డ అది. ఇంత చిన్న విషయానికి రెండేళ్ళు కోడిగుడ్డు అనిపించుకున్నాను. పూలూ లతలూ కుట్టుకుంటే మ్యాటీతో ఏ గొడవా లేదు, పువ్వు కాస్త సాగినా ఎవరూ పట్టించుకోరు. సున్నాలు, ముఖాలు, అక్షరాలు కుట్టాలంటే మాత్రం కొనే ముందు టేపు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి గళ్ళు లెక్కపెట్టండి. కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనీండి.

క్రాస్ స్టిచ్ కోసమే గళ్ళుగా నేసే ఐడా గుడ్డ నేను మొదట చూసింది పెళ్ళయ్యాక, సికింద్రాబాద్ జనరల్ బజార్లో. 14 కౌంట్ అంటే అంగుళానికి 14 గళ్ళు, రెండు వైపులా సమానంగా వచ్చేలా నేస్తారు. 11, 14, 16, 18 ఇలా ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ గడి చిన్నదవుతుంది, బొమ్మ కూడా చిన్నదవుతుంది. ఈసారి మన కలయిక కోసం చిహ్నాన్ని మళ్ళీ గీశాను, 112 గళ్ళ సున్నా. 14 మీద కుడితే 8 అంగుళాలు, 16 మీద సరిగ్గా 7, 18 మీద 6 పైన కాస్త. గళ్ళని కౌంటుతో భాగిస్తే చాలు, మన లెక్కల క్లాసులో నాకు అర్థమైన భాగహారం ఇదొక్కటే. నేను కొన్న ఫ్రేము లోపల 8 అంగుళాలు, అందులో 7 అయితే అంచు చుట్టూ కాస్త ఊపిరాడుతుందని 16 తీసుకున్నాను. నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదిలి 13 అంగుళాల ముక్క కత్తిరించాను, ఆ వదలడంలో మాత్రం పిసినారితనం వద్దు, ఫ్రేము కట్టేవాడికి లాగి బిగించడానికి గుడ్డ కావాలి.

అసలు చిక్కు మన లిపితో. ఇంగ్లీషు అక్షరాలు చాలావరకు గీతలే కాబట్టి ఐదు గళ్ళ వెడల్పు, ఏడు గళ్ళ ఎత్తులో బుద్ధిగా కూర్చుంటాయి, మనవి గుండ్రాలు, పైన తలకట్టు, గుడి, కింద వత్తు. 'ద్య' కింద యవత్తు తోక తిప్పడానికి చోటు లేకపోతే అది తోకలా కాదు, మరకలా కనిపిస్తుంది. అందుకే ఈసారి 'విద్య'కి మొత్తం 20 గళ్ళ ఎత్తు ఇచ్చాను. ఇంకా నున్నగా రావాలని 32 కౌంట్ ఈవెన్‌వీవ్ కూడా ప్రయత్నించాను, గళ్ళు లేకుండా అడ్డంగానూ నిలువుగానూ అంగుళానికి 32 పోగులుండే గుడ్డ అది. అందులో రెండు గుడ్డ పోగుల మీదుగా కుడితే 16 కౌంటు సైజే వస్తుంది, కావాలంటే సగం గడి దగ్గర కూడా సూది దింపొచ్చు, వంపులకి అంతకంటే మంచి గుడ్డ లేదు. కానీ చత్వారం వచ్చిన కళ్ళు కదా, రెండు సాయంత్రాలు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుని దణ్ణం పెట్టేశాను.

దారం సంగతి ఇంకా తేలిక, గుడ్డే చెబుతుంది. 11 కౌంటుకి మూడు పోగులు, 14కీ 16కీ రెండు, 18కి ఒకటి చాలనేవాళ్ళూ ఉన్నారు, నిండుగా కావాలని రెండు వేసేవాళ్ళూ ఉన్నారు. నేనైతే గుడ్డ మూలలో పది గళ్ళ చొప్పున ఒక పోగుతో, రెండుతో, మూడుతో కుట్టి చూశాను. ఒక పోగు మధ్యలోంచి తెల్లగా గుడ్డ కనిపించింది, మూడు పోగులు పక్క గడి మీదకి ఎక్కి కూర్చున్నాయి, రెండు పోగులు గడిలో అమిరాయి. సూది కూడా ముక్కు మొద్దుగా ఉండే టేపెస్ట్రీ సూదే వాడాలి, 14కి 24 నంబరు, 16కీ 18కీ 26. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, ఈ తిరకాసు ఎవరు పెట్టారో గానీ.

పోగు విడదీయడం ఒక్కటి చెప్పాలి, బడిలో చిక్కులు తీయలేక ఏడ్చాం కాబట్టి. లచ్చిలోంచి మూరెడు దారం కత్తిరించండి, అంతకంటే పొడుగైతే గుడ్డలోంచి లాగి లాగి నూగు లేస్తుంది. కొసన ఆరు పోగులూ విప్పి, ఒక్కదాన్ని పట్టుకుని, మిగతావాటిని రెండో చేతి వేళ్ళ మధ్య వదులుగా ఉంచి నిటారుగా పైకి లాగండి. మిగతా ఐదూ కింద ముడుచుకుని గుత్తిలా దగ్గర పడతాయి, అమ్మో చిక్కు పడిందనిపిస్తుంది, ముట్టుకోకండి. పోగు పూర్తిగా బయటికి రాగానే అవి జారి వాటంతట అవే సాపవుతాయి. అలా ఒక్కొక్కటీ తీసి, రెండింటిని మళ్ళీ పక్కపక్కన పెట్టి ఎక్కించాలి. ఒకేసారి రెండు లాగితే పాత పేనిక అలాగే ఉండిపోయి, కుట్టు తాడులా కనిపిస్తుంది.

దీపం అయిపోయింది, అక్షరాలూ అయ్యాయి. పోయినసారి కరిగిపోయిన గుడిని ఒక్క పోగుతో, గీతలా కనిపించే బ్యాక్ స్టిచ్ వేశాను, దూరం నుంచి కూడా కనిపిస్తోంది. అంచు నీలం దగ్గరే ఆగిపోయాను. మన యూనిఫాం లంగాల నీలం నాకు గుర్తుందనే అనుకున్నాను గానీ దారాల రంగులన్నీ చూపే షేడ్ కార్డు ముందేసుకుంటే నాలుగు నీలాలు అదే అంటున్నాయి. అమ్మ పెట్టెలో ఓణీ ఉంది, లంగా లేదు. ఎవరి దగ్గరైనా ఆ యూనిఫాం గుడ్డ వేలెడు ముక్క ఉంటే, ఎండ తగలని మడతలోది, కలయిక రోజు తీసుకురండి. కార్డు పట్టుకుని గేటు దగ్గరే ఉంటాను.