ఉండేది అంటే?

“ఉండేది అంటే ఏమిటి? ఇప్పుడు లేదా?”

పోయిన నెల కెన్యాలో, అడవి జంతువులను కాపాడే ఓల్ పెజెటా అనే చోట ఒక పశువుల కాపరి మా నాయనను అడిగిన మాట ఇది. ఆయన స్వాహిలీలో అడిగాడు, నేను తెలుగు చేసి చెప్పాలి. నాయన నా మొహం వైపే చూస్తున్నాడు. నేను చెప్పలేదు. “ఎండ ఎక్కువైంది, ఇంక బయల్దేరమంటున్నాడు” అన్నాను. అటు కాపరికి కూడా ఏదో సర్దిచెప్పి, నాయనను జీపు దగ్గరికి తీసుకొచ్చేశాను. ఇద్దరు పెద్దమనుషుల మధ్య నిలబడి అబద్ధం ఆడాను. ఎందుకు ఆడానో అప్పట్నుంచి ఆలోచిస్తూనే ఉన్నాను.

నేను కెన్యాలో టిమావు దగ్గర ఒక గులాబీ తోటలో పనిచేస్తాను. గ్రీన్‌హౌసుల్లో నీళ్ళు, ఎరువులు చూసుకోవడం నా పని. వచ్చి ఆరేళ్ళయింది. భూమధ్యరేఖ పోయే చోటు కదా, మా కర్నూలు ఎండలే ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే ఇది రెండు వేల మీటర్లకు పైనున్న ఎత్తు సీమ, తెల్లవారుజామున స్వెటర్ లేకుండా గడప దాటలేం. ఎదురుగా 5,199 మీటర్ల మౌంట్ కెన్యా పొద్దున కాసేపు కనిపించి, ఆ తర్వాత మబ్బు కప్పుకుంటుంది. ఎన్నిసార్లు పిలిచినా “పొలం ఎవరు చూస్తారు” అని దాటేసిన నాయన, ఈసారి శనగ కోతలు అయిపోగానే వచ్చాడు. మా ఊరు నందికొట్కూరు వైపు, రోళ్ళపాడు గడ్డి బీళ్ళకు దగ్గర.

సింహాన్ని చూడాలన్నది నాయన కోరిక. ఇక్కడి లైకిపియా పీఠభూమి మీద కన్సర్వెన్సీలు, అంటే అడవి జంతువులను కాపాడే పెద్ద పెద్ద జాగాలు చాలా ఉన్నాయి, మాకు దగ్గర ఓల్ పెజెటా. దాదాపు 90,000 ఎకరాలు, ఒకప్పుడు దొరల పశువుల రాంచ్. సింహం కనిపించింది, ఒక పొద కింద పడుకుని ఉంది. నాయన “ఊఁ” అన్నాడు, అంతే. ఆయన్ని కదలకుండా నిలబెట్టింది వేరే. ప్రపంచంలో మిగిలిన ఆఖరి రెండు ఉత్తరాది తెల్ల ఖడ్గమృగాలు అక్కడున్నాయి. నజీన్, ఫాతు. తల్లీ కూతుళ్ళు. 2009లో చెక్ దేశపు జూ నుంచి నాలుగింటిని తెచ్చారు, ఇక్కడి గడ్డి మీదైనా పిల్లలను పెడతాయేమోనని. పెట్టలేదు. వాటిలో ఒక మగది 2014లో పోయింది. నజీన్ తండ్రి సుడాన్ 2018 మార్చి 19న పోయింది. అదే చివరి మగది.

“ఇంక మగది లేనే లేదా?” అన్నాడు నాయన.

“లేదు నాయనా.”

సైంటిస్టులు ఫాతు నుంచి అండాలు తీసి, దాచిపెట్టిన వీర్యంతో పిండాలు చేస్తున్నారని, వాటిని వేరే రకం ఖడ్గమృగం కడుపులో పెంచాలని చూస్తున్నారని చెప్పాను. ఆయన తల ఊపాడు గానీ కళ్ళు వాటి మీదే ఉన్నాయి. పశువులతో బతికిన మనిషి. ఇంట్లో చివరి జత ఎద్దులను అమ్మిన రోజు ఆయన అన్నం తినలేదు. ఆ మొహమే మళ్ళీ చూశాను.

అక్కణ్ణించి పశువుల దగ్గరికి వెళ్ళాం. మా తోటలో పనిచేసే అతని అన్న అక్కడ కాపరి కాబట్టి, ముందే అనుమతి అడిగి పెట్టుకున్నాం. నిజం చెప్పాలంటే ఆరేళ్ళుగా ఇక్కడున్నా ఆ పశువులను నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. సఫారీకి వచ్చినవాడు ఆవులను ఏం చూస్తాడు? నాయన మాత్రం దూరం నుంచే మూపురాలు చూసి జీపు ఆపించాడు. బోరాన్ జాతి. తెల్లవి, గోధుమ రంగువి, వందల్లో మేస్తున్నాయి. వాటి పక్కనే, మన చేను గట్టు ఎంత దూరముంటుందో అంత దూరంలో, జీబ్రాలు మేస్తున్నాయి.

“అడవిలోకి పశువులను ఎట్లా రానిచ్చినారు వీళ్ళు?” అన్నాడు నాయన. నాకూ వచ్చిన సందేహం అదే. మన దగ్గర అభయారణ్యం అనగానే మొదట బయటికి పోయేది మేకలు, ఆవులు, వాటి వెనకున్న మనిషి.

కాపరి ఓపిగ్గా చూపించాడు. రాత్రి పశువులను ఇనుప కటకటాలతో చేసిన దొడ్డిలో పెడతారు. దాన్ని బోమా అంటారు. సింహం లోపలికి రాలేదు. విప్పి ఇంకో చోటికి మోసుకుపోవచ్చు. కొన్నాళ్ళకోసారి జాగా మారుస్తారు. పాత బోమా ఉన్న చోటికి తీసుకెళ్ళాడు. చుట్టూ గడ్డి ఎండి గోధుమ రంగులో ఉంటే, అక్కడ మాత్రం గుండ్రంగా పచ్చగా, పొట్టిగా, మెత్తగా ఉంది. పేడా మూత్రం దిగిన నేల. జింకలు అక్కడే గుంపు కట్టి ఉన్నాయి. పొట్టి గడ్డిలో సింహం దాక్కోలేదు కాబట్టి వాటికి భయమూ తక్కువట. నాయన వంగి పిడికెడు మట్టి తీసి నలిపి, వాసన చూసి, “ఒరేయ్, ఇది మంద తోలించడమేరా!” అన్నాడు.

అవును, అదే. కోతలయ్యాక గొర్రెల కాపర్లను పిలిచి, పొలంలో నాలుగు రాత్రులు మంద ఆపించి, వాళ్ళకు జొన్నలు కొలిచేవాళ్ళం కదా. మంద నిలిచిన మడిలో మరుసటి ఏడు పైరు వేరుగా కనిపించేది. నేను దీన్ని స్వాహిలీలోకి మార్చి చెబితే కాపరి నాయన చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. “మ్జే” అని పిలవడం మొదలుపెట్టాడు. అంటే పెద్దాయన. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ నాతో పని తగ్గింది. నాయన ఒక ఆవు చెవి వెనక తడిమి పిడుదుల కోసం వెతికాడు. లేవు. వాటి ఒంటికి మందు నీళ్ళు పట్టిస్తారని, గడ్డిలో ఉన్న పిడుదులు ఈ ఆవులనెక్కి చచ్చిపోతాయని, అందువల్ల జీబ్రాలకూ బాధ తగ్గుతుందని కాపరి చెప్పాడు. పశువు ఉంటే అడవి జంతువుకు మేలు అనే మాట నేను జీవితంలో మొదటిసారి విన్నాను.

అప్పుడే కాపరి అడిగాడు, మీ ఊళ్ళో ఏ జంతువులున్నాయని. నాయన ఉత్సాహంగా చెప్పాడు: “మాకు బట్టమేక పిట్ట ఉండేది.”

గడ్డి బీళ్ళలో తిరిగే పెద్ద పిట్ట అది, ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అంటారు. తర్వాత కాపరి అడిగిన మాట ముందే చెప్పాను.

ఎందుకు తెలుగు చెయ్యలేదంటే, నాకు కోపం వచ్చింది. కాపరి మీద కాదు. ఆ ప్రశ్నకు జవాబుగా నా నోట్లో వరసగా వచ్చి నిలబడ్డ సాకుల మీద. ఇన్నాళ్ళుగా ఎవరు అడిగినా అవే చెబుతూ వచ్చాను. వాటిలో అబద్ధం లేదు కూడా. ఇక్కడ 90,000 ఎకరాలు. 1988లో బట్టమేక పిట్ట కోసం పెట్టిన మా రోళ్ళపాడు అభయారణ్యం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే సుమారు 1,500 ఎకరాలు. దాని చుట్టూ మాలాంటి వాళ్ళ అయిదెకరాలు, పదెకరాలు. ఇంకో సంగతి, ఇక్కడ ఇంత నేల ఒక్క చేతికింద ఎందుకుందో కూడా మర్చిపోకూడదు. 1911 ఒప్పందం పేరుతో బ్రిటిష్ వాళ్ళు మసాయి తెగ వాళ్ళను లైకిపియా నుంచి దక్షిణానికి తోలేశారు. పశువులు కాచుకునేవాళ్ళను ఖాళీ చేయించిన నేల ఇది. ఇవాళ పశువులు మళ్ళీ మేస్తున్నాయంటే, కాపరి జీతగాడిగా మేపుతున్నాడు. మా దగ్గర ఎవరూ ఎవర్నీ తోలలేదు, రైతు తన చేను తాను దున్నుకున్నాడు. అక్కడ పిట్ట పోయింది, ఇక్కడ మనుషులు పోయారు. ఈ రెంటినీ ఒకే త్రాసులో పెట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

ఇదంతా ఆ కాపరికి చెప్పొచ్చు. కానీ ఆయన అడిగింది ఇది కాదు. పిట్ట ఉందా లేదా అని అడిగాడు.

నేను దాన్ని చూశాను. అప్పుడు నాకు ఆరేడేళ్ళుంటాయేమో. నాయన బండి ఆపి నన్ను కాడి మీద నిలబెట్టాడు. గడ్డి మధ్యలో నా నడుమంత ఎత్తు మగ పిట్ట, తోక వీపు మీదికి విప్పి, గొంతు కింద తెల్లటి సంచి వేలాడేసి నిలబడి ఉంది. ఆ సంచి దాదాపు నేలకు తగులుతోంది. ‘హుమ్’ అని ఒక శబ్దం, దూరంగా ఎద్దు రంకె వేసినట్టు. మా ఎద్దులు చెవులు నిక్కించాయి. అంతపెద్ద పిట్ట ఎగురుతుందంటే నేను నమ్మలేదు. మాకు ఆ రోజుల్లో కొర్ర, జొన్న, వేరుశనగ. మధ్య మధ్య బీళ్ళు. తర్వాత కాలవ నీళ్ళు వచ్చాయి, బోర్లు వచ్చాయి, బీళ్ళు తగ్గాయి, పంటలు మారాయి. కంచె లోపల కృష్ణజింకలు పెరిగి మా చేలల్లో పడ్డాయి. రాత్రుళ్ళు నాయన మంచె మీద పడుకుని డబ్బా కొట్టేవాడు. ఆ కోపంలో పిట్ట సంగతి ఎవరూ తలుచుకోలేదు. అది ఏ ఏడు కనిపించడం మానేసిందో మా ఊళ్ళో ఎవరూ గట్టిగా చెప్పలేరు. దేశం మొత్తం మీద ఇప్పుడు వందన్నర కూడా లేవంటారు. ఎక్కువ భాగం రాజస్థాన్‌లోనే, అక్కడా కరెంటు తీగలకు తగిలి చస్తున్నాయి.

సుడాన్ ఖడ్గమృగానికి ఓల్ పెజెటాలో సమాధి ఉంది. ఒక చెట్టు కింద రాళ్ళ కుప్పలు, ఒక్కో కుప్ప మీద పేరు, చనిపోయిన తేదీ, ఎట్లా పోయిందో రాసిన పలక. వేటగాళ్ళు చంపినవి చాలా ఉన్నాయక్కడ. నాయన ఒక్కో పలకా నాతో చదివించుకున్నాడు. మా ఆఖరి పిట్టకు తేదీ లేదు. నన్ను ఇంతగా బాధపెడుతున్నది అదేనేమో.

నా పని గురించి కూడా ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. నేను గులాబీలకు పారించే నీళ్ళు మౌంట్ కెన్యా వాగులవే. అవి దిగువన ఎవాసో న్యీరో నదిలో కలిసి, ఎండిన ఉత్తరం వైపు సంబురు తెగ వాళ్ళ పశువుల దగ్గరికి పోవాలి. ఎండాకాలంలో నీటి సంఘాలు వంతులు వేస్తాయి. వంతు వచ్చినప్పుడు వాల్వు తిప్పేది నేనే.

నాయన తిరుగు ప్రయాణం ముందురోజు రాత్రి, పెట్టె సర్దుతుంటే చెప్పేశాను. ఆ రోజు కాపరి బయల్దేరమనలేదని, పిట్ట ఇప్పుడు లేదా అని అడిగాడని.

ఆయన మడతపెడుతున్న పంచెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి, “మీ తాత గుంటక తోలేటప్పుడు గుడ్డు కనపడితే ఆ చుట్టూ అంత జాగా వదిలేసేవాడు. ఒక్కటే గుడ్డు పెడుతుంది, అదీ కటిక నేల మీద. చుట్టూ నాలుగు రాళ్ళు పెట్టేవాడు, ఎద్దులు తొక్కకుండా. నేను ట్రాక్టరు పెట్టించినా. ట్రాక్టరు మీద కూర్చుంటే నేల కనపడదు” అన్నాడు.

తర్వాత, “ఆయనకు ఫోన్ ఉందా?” అన్నాడు.

మా తోట కుర్రాణ్ణి అడిగి నంబరు తీసుకుని చేశాను. స్పీకర్ పెట్టాను. అవతల ఆవుల మెడ గంటలు వినిపిస్తున్నాయి. నాయన “మ్జే” అని పిలిచి, గొంతు సవరించుకుని తెలుగులోనే మొదలుపెట్టాడు, “లేదు నాయనా, ఇప్పుడు లేదు” అని. ఈసారి ఒక్క ముక్క వదలకుండా చెప్పాను, గుడ్డు సంగతీ, రాళ్ళ సంగతీ, ట్రాక్టరు సంగతీ.

కాపరి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆ రాళ్ళు ఎంత దూరంలో పెట్టేవాళ్ళో అడగమన్నాడు.