గేటుకు బోర్డు

"మీ నాన్న సంవత్సరీకమైనా కాలేదు, అప్పుడే గేటుకు బోర్డు కట్టావా? అప్పులపాలయ్యామని అనుకోరూ ఊళ్ళో!" అని పెద్దమ్మ వీధిలోనే నిలబెట్టి అడిగింది. ఒడిశాలోని మా బరంపురంలో ఇల్లు అమ్మడమంటే చెవిలో చెప్పుకోవలసిన సంగతి. నమ్మకమైన దళారీకి ఒక మాట, దూరపు బంధువుకు ఒక మాట చెబితే చాలట. నేనేమో తెలుగులోనూ ఒడియాలోనూ రాయించి, ఫోను నంబరుతో సహా గేటుకు కట్టించాను.

న్యూజెర్సీలో ఇళ్ళు అమ్మిపెట్టే ఆఫీసులో నా ఉద్యోగం. అక్కడ అమ్మకానికి పెట్టిన ఇంటి గురించి ఎంత తొందరగా ఎంతమందికి తెలిస్తే అంత మంచిది. శని, ఆదివారాల్లో జనం వచ్చి చూస్తారు కాబట్టి సాధారణంగా గురువారమే ప్రకటిస్తాం. ఏజెంట్లందరికీ ఎంఎల్ఎస్ అని ఒక ఉమ్మడి జాబితా ఉంటుంది. ఇంటిముందు బోర్డు పాతాక ఒక పనిదినం లోపల ఇల్లు ఆ జాబితాకు ఎక్కాలని జాతీయ ఏజెంట్ల సంఘం తెచ్చిన నిబంధన 2020లో అమలుకు వచ్చింది. ఎక్కి ఎన్నాళ్ళయిందో కూడా అందులో కనబడుతూనే ఉంటుంది. ఆ అంకె పెరిగేకొద్దీ, ఇంతకాలం ఎవరూ కొనలేదంటే ఏం లోపముందో అని అనుమానం మొదలవుతుంది. ధర విషయంలోనూ అంతే. నాలుగు లక్షల డాలర్ల లోపు అని వెతికేవాడి కంటికి నాలుగు లక్షల అయిదువేల ఇల్లు కనబడనే కనబడదు. కాబట్టి మొదటి వారం జనం రాకపోతే ముందు ధర సంగతి చూడమంటాం. ఇందులో సిగ్గుపడవలసిందేముందో పెద్దమ్మే చెప్పాలి.

అక్కడ నాకు మింగుడుపడనిది వేరే ఉంది. కొనేవాళ్ళు చూడటానికి వస్తుంటే ఇంటివాళ్ళు బయటికి వెళ్ళిపోవాలి. తలుపుకు వేలాడదీసిన చిన్న పెట్టెలో తాళంచెవి ఉంటుంది, ఏజెంటే తీసుకుని చూపిస్తాడు. అంతకుముందే ఫ్రిజ్ మీది అయస్కాంత బొమ్మలు, పిల్లల ఫొటోలు, గుమ్మంలో చెప్పులు అన్నీ మాయం కావాలి. మనవాళ్ళ ఇల్లయితే ఆ మాట చెప్పే పని మా పైఅధికారి నాకే అప్పగిస్తాడు. ఒకావిడకు తాలింపు పెట్టవద్దని, దేవుడి అల్మారా తలుపులు మూసి ఉంచమని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. స్టవ్ పక్కన గట్టు మీది పసుపు మరకను గుడ్డతో రుద్దుతూ ఉండిపోయింది. వచ్చినవాళ్ళు ఆ ఇంట్లో తమ కాపురాన్ని ఊహించుకోవాలంటే వేరొకరి కాపురం కనబడకూడదన్నది మా ఆఫీసు వాదన. దాన్ని ఇంగ్లీషులో ఒప్పుకుంటాను గాని తెలుగులో చెప్పేటప్పుడు నోరు రాదు.

అలాగని ఇక్కడి పద్ధతులన్నీ వెనకేసుకు రాలేను. ఇక్కడి దళారీ అడిగిన మొదటి ప్రశ్న, "తెలుగువాళ్ళకే ఇస్తారా, ఎవరికైనా ఫరవాలేదా?" అని. అక్కడ ఏజెంటు ఆ మాట నోట అన్నా, ప్రకటనలో రాసినా, ఇళ్ళ అమ్మకంలో వివక్ష కూడదన్న 1968 నాటి చట్టం మెడకు చుట్టుకుంటుంది. ఎవరైనా రావచ్చని చెప్పాను. మర్నాడే పెద్దమ్మకు తెలిసింది.

వచ్చేవాళ్ళకు మా ఇంట్లో గదులు చూడటం అయిదు నిమిషాల పని. తర్వాత కాఫీ తాగి కాగితాల ముందు కూర్చుంటారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అందుకే మా ముత్తాత కొన్న దస్తావేజు తెలుగులో, ఇప్పటి పట్టా ఒడియాలో ఉన్నాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని పేర్లు, హద్దులు సరిచూస్తారు. తూర్పు హద్దుగా రాసిన చింతచెట్టు ఎక్కడ ఉండేదని అడుగుతారు. అది చెప్పడానికి ఇంటి మనిషి ఉండాలి. తాళంచెవి పెట్టెతో కుదిరే పని కాదు. నాన్న ఫొటో హాల్లోనే ఉంది. ఇక్కడ దాన్ని తీయమనేవాళ్ళు లేరు, పైగా కొందరు ముందు దానికి దండం పెట్టి మరీ కూర్చుంటున్నారు.

బోర్డు మాత్రం తీయను. దాన్ని చూసే గుణుపురం నుంచి ఒక మాస్టారు ఫోను చేశారు. రిటైరయ్యాక బరంపురంలో స్థిరపడాలనుకుంటున్నారట. అలవాటు కొద్దీ శనివారం గాని ఆదివారం గాని రమ్మన్నాను. అష్టమి, నవమి అన్నారు. సోమవారం దశమి, రాహుకాలం దాటాక తొమ్మిదిన్నరకు భార్యతో కలిసి వస్తామన్నారు.