కర్రెతెరా ఆస్ట్రాల్ మీద మా లెక్క తప్పింది

కర్రెతెరా ఆస్ట్రాల్ అంటే చిలీ దక్షిణాన ప్యుయెర్తో మోంత్ నుంచి విల్యా ఓహిగిన్స్ దాకా వెళ్లే రోడ్డు, సుమారు 1,240 కిలోమీటర్లు. రోజుకు రెండొందలు నడిపినా వారంలో తేలిపోతుందని నేనూ నా ఫ్రెండూ లెక్క వేసుకున్నాం. ఆ లెక్క నీళ్లలో కలిసింది. మాటవరసకి అనడం లేదు, నిజంగా నీళ్లలోనే. ఈ రోడ్డు ఫియోర్డ్ (నిటారు కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) ఒడ్డుకొచ్చి ఆగిపోతుంది, అక్కడ బండితో సహా ఫెర్రీ ఎక్కాలి.

ఒర్నోపిరెన్ రేవులో ఆ రోజుకి కారుకు చోటు లేదన్నారు. జనవరి అక్కడ వేసవి సెలవుల కాలం, ముందే బుక్ చేసుకోవాలి. తెలియక కాదు, బద్ధకించాం. ఒక రోజు పోయింది. మర్నాడు ఎక్కితే లెప్తెపుకి మూడున్నర గంటలు, దిగి 10 కిలోమీటర్లు నడిపాక కలేతా గొన్సాలోకి మళ్లీ ఇంకో ఫెర్రీ. రెండు పక్కలా నీళ్లలోంచే నిటారుగా లేచిన అడవి కొండలు, గంటల తరబడి ఒక్క ఇల్లు లేదు. 1976లో సైన్యంతో పని మొదలుపెట్టించినా రోడ్డు చివరి ఊరు చేరడానికి 2000 దాకా ఎందుకు పట్టిందో డెక్ మీద నిలబడితే అర్థమైంది.

పుయువాపి దాటాక కేవులాత్ పార్కులో వేలాడే హిమానీనదం ఉంది. వెళ్లేసరికి మబ్బు, తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. ఫ్రెండ్ వెళ్లిపోదామన్నాడు. నేను మొండికేశాను. మర్నాడు పొద్దున మబ్బు ఓ పది నిమిషాలు విడిచింది: రెండు కొండల సందులో నీలి మంచు, దాని కింద జలపాతాలు. ఒక ముక్క విరిగి పడింది. ముందు పడటం కనిపించింది, చప్పుడు తర్వాత వచ్చింది.

ఆ తర్వాత కేవులాత్ కనుమ మలుపుల్లో టైరు పేలింది. కంకర రోడ్డుని అక్కడ రిపియో అంటారు. గతుకులకి స్టీరింగ్ చేతిలో వణుకుతూనే ఉంటుంది, మేం మాత్రం వేగం తగ్గించలేదు. ఉన్న ఒక్క స్పేర్ వేసేశాక, టైరు బాగుచేసే ఊరొచ్చేదాకా ఇద్దరికీ టెన్షనే. కారులో పాటలు కూడా పెట్టలేదు. అప్పట్నుంచి నలభై దాటలేదు, పెట్రోల్ బంకు కనిపిస్తే ట్యాంకు నింపకుండా కదల్లేదు.

చివరి ఫెర్రీ ప్యుయెర్తో యుంగాయ్‌లో. డబ్బులక్కర్లేదు, ముందొచ్చినవాళ్లు ముందు ఎక్కుతారు. మూడు గంటల ముందే వెళ్లి కూర్చున్నాం. మా ముందు ఒకే ఒక్క సైకిలుంది.