స్క్రాంటన్‌లో ఆల్కో గూడ్సు ఇంజన్లు: చీకటి పడ్డాక ఫోటోలు

న్యూజెర్సీ వైపు నుంచి పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ వెళ్లాలంటే ఇంటర్‌స్టేట్ 80 మీద పడమరగా పోయి 380కి మళ్లాలి. రోడ్డు పోకొనో కొండలెక్కి, టోబీహానా దాటాక దిగుతుంది. కావాలనే డిసెంబరులో బయల్దేరాను. ఆ నెలలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది కాబట్టి పగటి పని చేసే ఇంజన్లు కూడా చీకట్లో దొరుకుతాయి. జూన్‌లో ఎనిమిదిన్నర దాకా సూర్యుడు కదలడు.

డెలావేర్-లాకవానా అనే చిన్న గూడ్సు రైల్వే ఇక్కడ ఇప్పటికీ ఆల్కో ఇంజన్లతో బండ్లు నడుపుతుంది. షెనెక్టడీలోని ఆల్కో కంపెనీ 1969లోనే రైలింజన్ల తయారీ ఆపేసింది. ఇక్కడ తిరిగే 2,500 హార్స్‌పవర్ సెంచరీ 425లు, మాంట్రియల్‌లో తయారైన 3,600 హార్స్‌పవర్ ఎం-636లు ఆ సంతతివే. లోపల ఉన్నది 251 అనే మోడల్, పదహారు సిలిండర్ల డీజిల్ మోటారు. మన భారతీయ రైల్వే డీజిల్ ఇంజను డబ్ల్యూడీఎం-2లోనూ అదే ఉండేది, అందుకే దాని ఐడిల్ (ఆగి ఉండగా నడిచే) చప్పుడు మనవాళ్లు కళ్లు మూసుకుని గుర్తుపడతారు.

ముందు నిలబడే చోటు సంగతి. పట్టాలు, వాటి పక్క కంకర అన్నీ రైల్వే సొంత స్థలం. అనుమతి లేకుండా అడుగు పెడితే ట్రెస్‌పాస్ కేసు. రోడ్డు వంతెన, లెవెల్ క్రాసింగ్ దగ్గరి ఫుట్‌పాత్, ఇవి చాలు. వంతెన మీద ఒక చిక్కుంది: లారీ పోయినప్పుడల్లా డెక్కు ఊగుతుంది, ట్రైపాడ్ కూడా దాంతోపాటే. వాహనం దాటాక నాలుగైదు సెకన్లు ఆగి షట్టర్ నొక్కాలి. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సు స్టెబిలైజర్ ఆపేయాలి, లేకపోతే లేని కుదుపును వెతికి అదే మసక తెస్తుంది.

అసలు పంట సూర్యాస్తమయం తర్వాత ఇరవై నుంచి నలభై నిమిషాల మధ్య. ఆ బ్లూ అవర్‌లో ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది, ఇంజను కప్పు అంచు దాని మీద తెలుస్తుంది. ఆల్కో పొగ కూడా అప్పుడే కనబడుతుంది. డ్రైవరు నాచ్ (వేగం పెంచే మెట్టు) పెంచగానే డీజిల్ ముందు పోతుంది, గాలిని లోపలికి తోసే టర్బో వేగమందుకుని గాలి ఇవ్వడానికి కాస్త టైము పడుతుంది. ఆ మధ్యలో వచ్చేదే నల్లపొగ. పూర్తిగా చీకటి పడ్డాక నల్లటి ఆకాశం మీద నల్లపొగ తీసినా తీయనట్టే.

ఆగి ఉన్న ఇంజనుకు ఐఎస్‌ఓ 200, ఎఫ్/8, 15 నుంచి 20 సెకన్లతో మొదలుపెట్టొచ్చు. ఆటోఫోకస్ చీకట్లో తడబడుతుంది. లైవ్ వ్యూలో, అంటే కెమెరా తెర మీద, పది రెట్లు పెంచి నంబర్ బోర్డు అంకెల మీద చేత్తో ఫోకస్ చేసుకోవాలి. ఆ నంబర్ బోర్డే మళ్లీ తలనొప్పి. లోపల బల్బు ఉంటుంది కాబట్టి 20 సెకన్లకు తెల్లటి డబ్బా అయిపోతుంది. దానికోసం వేరుగా ఒక్క సెకను ఫ్రేము తీసిపెట్టుకోవాలి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయడం మేలు: 20 సెకన్ల ఫోటోలో చుక్కలు తీసేయడానికి కెమెరా ఇంకో 20 సెకన్లు ఏ పనీ చేయనివ్వదు, ఆ లోపు ఇంజను కదిలిపోవచ్చు.

ఐడిల్‌లో 251 నిమిషానికి 400 తిరుగుళ్ల ప్రాంతంలో తిరుగుతూ బాడీనంతా వణికిస్తుంది. సన్నటి హ్యాండ్‌రెయిళ్లు రెండు గీతల్లా పడతాయి. ఎక్స్‌పోజర్‌ను 20 నుంచి 2 సెకన్లకు దించినా ఫలితం అంతే, ఎందుకంటే వణుకు వెడల్పు మారదు. ఇంకొంచెం దూరం జరగడమే దారి. చలి రాత్రి ఇంజను ఆపేస్తారని చూడటం దండగ. రైలింజన్లలో సాధారణంగా యాంటీఫ్రీజ్ పోయరు, నీళ్లు గడ్డకట్టకుండా ఐడిల్‌లోనే ఉంచుతారు.

మరుసటి సాయంత్రం కొండ ఎక్కే లైను మీదున్న మాస్కో అనే పెన్సిల్వేనియా ఊరికి వెళ్లాను. అక్కడ రోడ్డుకు దగ్గరగా ఆగిన ఇంజను మీద, సిబ్బంది సరేనన్నాక, షట్టర్ తెరిచి ఉంచి టార్చితో వెలుగు పూశాను. కెమెరా పక్కనే నిలబడి వేస్తే ఆల్కో హుడ్ (మోటారును కప్పే పొడవాటి డబ్బా) అట్టముక్కలా చదునుగా వస్తుంది. తలుపుల అంచులు, లూవర్లు (గాలి పోయే చీలికలు), బోల్టులు తేలాలంటే వెలుగు బాగా పక్కనుంచి రావాలి. వ్యాగన్ల మీద ఉండే పసుపు, తెలుపు రిఫ్లెక్టర్ పట్టీలకూ ఇదే మందు. 2005 నాటి ఫెడరల్ నిబంధనతో వచ్చిన ఈ పట్టీలు వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. లెన్సు దగ్గర ఫ్లాష్ కొడితే భగ్గుమంటాయి, పది అడుగులు పక్కకు జరిగితే మామూలు పెయింటులా ఉండిపోతాయి.

టార్చి ఒకచోట నిలపకుండా హుడ్ పొడవునా రెండుసార్లు తిప్పాలి. చక్రాలు, ఫ్యూయల్ ట్యాంకు నల్లగా, మడ్డిపట్టి ఉంటాయి గనుక వాటికి రెట్టింపు సేపు ఇవ్వాలి. ఎల్‌ఈడీ టార్చి నీలంగా ఉంటుంది. దానికి హాఫ్ సీటీఓ జెల్ (నారింజ రంగు పలచటి కాగితం లాంటి ఫిల్టర్) కట్టి, కెమెరాను 4,000 కెల్విన్ దగ్గర పెడితే వీధి ఎల్‌ఈడీలతో కలిసిపోతుంది. పాత సోడియం దీపాల కింద మాత్రం రంగు మీద ఆశ వదులుకుని నలుపు-తెలుపు చేసుకోవడమే నయం.

కదిలే బండి మీద ఫ్లాష్ వేయకూడదు. డ్రైవరు కళ్లు చీకటికి అలవాటుపడి ఉంటాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పక్కగా పోయే ఇంజను 1/250 సెకనులో నాలుగు సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది, కాబట్టి ఎఫ్/1.8 లెన్సుతో ఐఎస్‌ఓ 6400 పెట్టినా పూర్తి పదును రాదు. 1/30 సెకనుతో ప్యాన్ చేయడం, అంటే కెమెరాను బండితో పాటు తిప్పుతూ తీయడం, నాకు ఎక్కువ నచ్చింది. ఎదురుగా వచ్చేటప్పుడు హెడ్‌లైట్ కనీసం రెండు లక్షల క్యాండెలా, ఫ్రేములో ఇంకేమీ మిగలదు. వంపు తిరిగి లైటు పక్కకు మళ్లేదాకా ఆగాలి.

తొమ్మిది దాటితే లెన్సు మీద మంచు పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది, ఫోకస్ కూడా కదులుతుంది. కెమెరా బయటికి తీసినప్పుడే లెన్సు చుట్టూ హ్యాండ్ వార్మర్ ఒకటి రబ్బరు బ్యాండుతో కట్టేయాలి. బ్యాటరీలు జేబులోనే ఉండాలి.

ఇంటికొచ్చాక మూడు ఫ్రేములు కలపాలి: ఆకాశానికి బ్లూ అవర్‌ది, ఇంజనుకు టార్చిది, నంబర్ బోర్డుకు ఒక్క సెకనుది. మధ్యలో ఇంజను అడుగు జరిగినా ఇది కుదరదు. అప్పుడు టార్చి ఫ్రేము ఒక్కదాన్నే తీసుకుని, కాలిపోయిన నంబర్ బోర్డును అలాగే వదిలేస్తాను.