నాలుగో అడుగు

మొన్న మాఘమాసంలో తిరుపతిలోనే మా మేనల్లుడి పెళ్లి జరిగింది. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు అన్నీ ముచ్చటగా అయ్యాయి. వధూవరులు కలిసి ఏడడుగులు నడిచే సప్తపది దగ్గరికి వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. జనం భోజనాల హాలుకు వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. అయ్యవారు మైకులో మంత్రం చెబుతుంటే వీడియో తీసే అబ్బాయి మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్క నిమిషం సార్, ఫోకస్ రాలేదు, మళ్లీ మొదటినుంచి నడవండి" అన్నాడు. పిల్లలిద్దరూ వెనక్కి వచ్చి మళ్లీ నడిచారు. రెండోసారి నడిచినప్పుడు మంత్రం లేదు, మేళం మాత్రమే ఉంది. పెళ్లి వీడియోలో ఉండబోయేది ఆ రెండో నడకే.

నా ప్రాణం చివుక్కుమంది. అగ్నిహోత్రం ముందు వేసే అడుగుకి రీటేక్ ఏమిటండీ!

తర్వాత మేనల్లుణ్ణి పక్కకు పిలిచి, "నాలుగో అడుగు దేనికోసం వేశావురా?" అని అడిగాను. "ఏమో మామా, అయ్యవారు చెప్పమన్నది చెప్పేసినా" అన్నాడు. వాడు బుద్ధిమంతుడు, వాణ్ణి అని లాభం లేదు. చెప్పాల్సిన పెద్దవాళ్లం మేము భోజనాల లెక్కలు చూసుకుంటూ ఉండిపోయాం. నా పెళ్లిలో నాకూ ఎవరూ చెప్పలేదు. ముప్పై ఏళ్లు కాపురం చేసి, రిటైరై, ఒక సోమవారం కపిలతీర్థం శివాలయంలో అభిషేకానికి కూర్చుని, శివుణ్ణి స్తుతించే నమకం వింటుంటే నాలుగో అడుగు మంత్రంలోని మాట చెవిన పడింది. అప్పటినుంచి అది నన్ను వదలడం లేదు.

"ఏకమిషే విష్ణుస్త్వాన్వేతు." మొదటి అడుగు అన్నం కోసం. "ద్వే ఊర్జే" అంటూ రెండోది బలం కోసం. యజుర్వేదం మొదలయ్యేదే "ఇషే త్వోర్జే త్వా" అని. వేదం ఏ రెండు మాటలతో నోరు తెరిచిందో, కొత్త కాపురం కూడా ఆ రెండు మాటలతోనే గడప దాటుతుంది. మూడోది వ్రతానికి, అయిదోది పశుసంపదకు, ఆరోది ఋతువులకు, ఏడోది యజ్ఞానికి. వీటి గురించి పెద్దలు ఎంతో చెప్పారు. నా మనసు మాత్రం మధ్యలో ఉన్న ఆ నాలుగో అడుగు దగ్గరే ఆగిపోయింది. అటు మూడు, ఇటు మూడు, నడుమ ఇది.

"చత్వారి మాయోభవాయ విష్ణుస్త్వాన్వేతు."

దీన్ని 'మాయ' అనుకుని, సంసారం మాయ అని వేదమే చెప్పిందని నాతో వాదించిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. అది మాయ కాదు, మయస్సు. మయస్సు అంటే సుఖం. ఏ సుఖమో తెలియాలంటే సంధ్యావందనంలో రోజూ తలమీద చల్లుకునే నీళ్లను అడగాలి. "ఆపో హి ష్ఠా మయోభువః, తా న ఊర్జే దధాతన." ఓ జలములారా, మీరు సుఖాన్ని కలిగించేవారు, మాకు బలాన్ని ఇవ్వండి అని. రెండో అడుగులోని ఊర్జం, నాలుగో అడుగులోని మయస్సు రెండూ ఆ ఒక్క మంత్రంలో పక్కపక్కనే ఉన్నాయి చూడండి. కాబట్టి మయస్సు అంటే నీళ్లు ఇచ్చే సుఖం. నీళ్లకు రంగు లేదు, రుచి లేదు, గొప్ప లేదు. ఉన్నన్నాళ్లూ వాటి సంగతే గుర్తుండదు. కుళాయి రెండు రోజులు ఆగిపోతే అప్పుడు తెలుస్తుంది మనం దేనిమీద బతుకుతున్నామో.

నమకంలో నా చెవిన పడింది కూడా ఆ మాటే. "నమశ్శంభవే చ మయోభవే చ." శివుడికి పెట్టి నమస్కరించిన పేరును తెచ్చి, సంసారంలో నాలుగో అడుగుకి పెట్టారు మన ఋషులు. ఇంట్లో దొరికే చిన్న సుఖం అంత పెద్దదన్నమాట.

ఇంతకీ నాకు అర్థమైంది మంత్రం వల్ల ఒక్కటే కాదు, ఒక చెంబు వల్ల కూడా.

తిరుపతి మే నెల ఎండలు మీకు తెలియనివి కావు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేవాణ్ణి. స్కూటర్ స్టాండు వేసిన చప్పుడు వినిపిస్తే చాలు, నేను చెప్పులు విడిచేలోపు మా ఆవిడ కుండలోంచి నీళ్లు ముంచి ఇత్తడి చెంబు చేతికిచ్చేది. కుండలో నాలుగు వట్టివేళ్లు వేసేది, ఆ వాసన గొంతు దిగేది. నేను గటగటా తాగేసి చెంబు తిరిగి ఇచ్చేవాణ్ణి. ముప్పై ఏళ్లలో ఒక్క రోజు కూడా దాని గురించి ఒక మాట అనలేదు.

నాలుగేళ్ల కిందట అమ్మాయి పురుడుకి ఆవిడ బెంగళూరు వెళ్లింది. రెండో రోజు మధ్యాహ్నం బజారునుంచి వచ్చి, నేనే కుండలో చెంబు ముంచి పైకెత్తి తాగాను. చెంబు అడుగునుంచి చుక్కలు కారి చొక్కా ముందుభాగమంతా తడిసింది. అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్లలో నా చొక్కా ఎప్పుడూ తడవలేదే! అప్పుడు కళ్లముందు కదిలింది. నీళ్లు ముంచాక ఆవిడ కొంగు చివరతో చెంబు అడుగు తుడిచి, ఆ తర్వాతే ఇచ్చేది. రోజూ. నేను చూస్తూనే ఉన్నాను, కానీ చూడలేదు. ఆ పూట వంటింట్లో ఒంటరిగా నిలబడి కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మయోభవాయ అంటే ఇదేనని నాకు ఏ భాష్యమూ చెప్పక్కర్లేకపోయింది.

మొదటి అడుగు సంగతి కూడా ఒక్కమాట చెప్పాలి. మా ఇంట్లో ఇప్పటికీ వారంలో రెండు మూడు రోజులు రాగిసంగటే. ఉడికే అన్నంలో పిండి పోసి, ఆవిరి పట్టాక, మా ఆవిడ గిన్నెను రెండు పాదాలతో అదిమిపెట్టి కట్టెతో కెలుకుతుంది. తడిచేత్తో ముద్ద చేసి, నడిమధ్యలో వేలితో గుంట నొక్కి నెయ్యి పోసి, పక్కన చెనగ్గింజల పచ్చడి, అదే ఊరిబిండి, పెడుతుంది. ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో మాత్రం నోరు లేస్తుంది మనకు. "ఇషే" అని అగ్నిసాక్షిగా అడిగింది మనమే, అడిగినది ఆమె చేతిమీదుగా రోజూ కంచంలోకి వస్తోంది. అన్నదాతా సుఖీభవ అని హోటల్లో బోర్డు చదువుతాం, ఇంట్లో అన్నదాతకు ఏమంటున్నాం?

నాకు కోపం వచ్చేది ఇక్కడే. కొండమీద కల్యాణోత్సవంలో శ్రీదేవి భూదేవుల నడుమ స్వామిని చూసి కన్నీళ్లు పెట్టుకున్న మనిషే, బయటికి వచ్చి లడ్డూల క్యూలో పదిమందిలో భార్యమీద అరవడం నేను కళ్లారా చూశాను. సంచి మర్చిపోయిందట. ఏం చూసివచ్చావు నాయనా నువ్వు లోపల? ఆ స్వామి అమ్మవారిని వక్షఃస్థలం మీద పెట్టుకున్నాడు. కార్తీకంలో పంచమీతీర్థం నాడు పద్మావతీ అమ్మవారు ఉన్న తిరుచానూరుకు కొండమీదనుంచి పసుపు, కుంకుమ, పట్టుచీరలతో సారె వస్తుంది. కోట్లమంది మొరలు వినే స్వామికి కూడా ఏడాదికోసారి అమ్మకు సారె పంపడం గుర్తుంటోంది. మీ ఇంటావిడ పుట్టినరోజు ఫోన్ గుర్తుచేస్తే తప్ప మీకు గుర్తురాదు.

ఏడు అడుగులకూ చివర వచ్చే మాట 'విష్ణుస్త్వాన్వేతు'. విష్ణువు నిన్ను అనుసరించుగాక. ఈ మాట వరుడు వధువుతో అంటాడు. అంటే స్వామి ఎక్కడున్నాడు? ఆమె వెనకాల. చాలా ఏళ్లు మేమిద్దరం పెళ్లిరోజున అలిపిరినుంచి నడిచి ఎక్కేవాళ్లం. 3,550 మెట్లు. ఆవిడకు మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టే మొక్కు. స్టీలు గిన్నెలో కలిపిన పసుపులో మూడువేళ్లు ముంచి మెట్టుమీద రాయడం, మధ్యలో బొట్టు, మళ్లీ పై మెట్టు. నేను వెనక సంచి పట్టుకుని విసుక్కుంటూ ఎక్కేవాణ్ణి, ఇలా అయితే మోకాళ్లమెట్టు చేరేసరికి చీకటి పడుతుందని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆ మెట్లమీద నా వెనకో, నా పక్కనో ఆమెను అనుసరిస్తూ ఆయన కూడా వస్తున్నాడు కదా! ఆయన విసుక్కోలేదు.

పెళ్లి కావలసిన పిల్లలున్న తల్లిదండ్రులకు చేతులెత్తి చెబుతున్నాను. సప్తపదికి పది నిమిషాలు పెట్టండి. అయ్యవారిని ముందురోజే బతిమాలి అడుగడుగుకీ అర్థం తెలుగులో చెప్పించండి. ఆ పది నిమిషాలు వంటవాళ్లను, వీడియోవాళ్లను ఆపండి. "సఖ్యాత్తే మా యోషం, సఖ్యాన్మే మా యోష్ఠాః", నీ స్నేహాన్ని నేను వీడను, నా స్నేహాన్ని నువ్వు వీడకు, అని పిల్లవాడి నోట తెలుగులో ఒక్కసారి అనిపించండి. పెళ్లయి ఏళ్లు గడిచినవాళ్లు దానికోసం ముహూర్తం చూడక్కర్లేదు. ఈ రాత్రి కంచం ముందు కూర్చున్నప్పుడు ఒక మంచిమాట అనండి, చాలు. సిగ్గనిపిస్తుంది, నాకూ అనిపించింది. అయినా అనండి.

రెండేళ్లుగా ఆవిడ మోకాళ్లు సహకరించడం లేదు, మెట్లు వద్దన్నాడు డాక్టరు. మొక్కు ఆగిపోయిందని ఆవిడకు ఒకటే దిగులు. ఈసారి పెళ్లిరోజున శ్రీనివాస మంగాపురం వెళ్దామన్నాను. కొత్త దంపతులు ఆరు నెలలు కొండ ఎక్కకూడదన్న అగస్త్యుల మాట మీద స్వామీ, పద్మావతీ అమ్మవారూ ఆగి కాపురం ఉన్న చోటు. దర్శనం చేసుకుని ప్రాకారం లోపల నీడపట్టున కూర్చున్నాం. "స్వామి కూడా ఇక్కడ మెట్లెక్కకుండానే ఉన్నాడు గదా, పోనీలెండి" అంది. చాలా రోజుల తర్వాత ఆ ముఖంలో దిగులు పోయింది.

నేను సంచిలోంచి నీళ్లబాటిల్ తీసి, కండువాతో అడుగు తుడిచి ఆవిడకు ఇచ్చాను.

"ఏందండీ, కొత్తగా?" అంది.

సగం తాగి, మిగిలినవి నా చేతిలో పెట్టింది. "తాగండి, ఎండెక్కింది. బస్సు వచ్చేస్తాది."