బరాత్‌ల సీజన్, క్లారినెట్ చెక్క

వరంగల్‌లో ఎండలు ముదిరినయి, బరాత్‌లు (పెండ్లి ఊరేగింపులు) కూడా. బ్యాండ్‌లో క్లారినెట్ వాయించే తమ్ముళ్లకు నా గట్టి మాట: చెక్క వాద్యాన్ని కూలర్ ముందునుంచి తీసి నేరుగా ఎండలోకి పట్టుకపోకండి. లోపల ఊపిరి తడికి చెక్క ఉబ్బుతది, బయట ఎండకు కుంచించుకుపోతది. పై జాయింట్‌లో, అంటే వాద్యం పై ముక్కలో, ట్రిల్ కీల (రెండు స్వరాలను గబగబా మార్చే మీటల) రంధ్రాల దగ్గర పగులు పడేది అందుకే. ఊరేగింపుకు ప్లాస్టిక్ వాద్యమే మేలు, అందులో నామోషీ ఏం లేదు.

వేడికి శ్రుతి పైకి పోతది. బ్యారెల్‌ను, అంటే మౌత్‌పీస్ కింది పొట్టి ముక్కను, ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగితే సరిపోతది. ఇంకా లాగితే గొంతు స్వరాలు, అంటే నడిమి జి, ఏ, బి ఫ్లాట్, మిగతావాటికన్నా ఎక్కువ దిగిపోతయి. అప్పుడు మిగతా కొంచెం నడుమ జాయింట్ దగ్గర, అంటే పై ముక్క, కింది ముక్క కలిసేకాడ, లాగాలె.

సన్నాయి నుంచి వచ్చినోళ్లు తికమకపడేది రిజిస్టర్ కీ, అంటే స్వరాన్ని పైకి ఎక్కించే మీట, దగ్గర. సన్నాయి గొట్టం కిందికి వెడల్పు అయితది కాబట్టి గట్టిగా ఊదితే పై షడ్జం పలుకుతది. క్లారినెట్‌ది దాదాపు ఒకే వెడల్పున్న గొట్టం, ఒక కొస మూసినట్టే. అందుకే కీ నొక్కితే సా నుంచి తారస్థాయి పంచమానికి ఎగురుతది. సన్నాయి మీది పాత వేళ్ల పట్టుతో రాగం ఎత్తుకుంటే పైస్థాయిలో స్వరం తప్పుతది. అంతే తప్ప ఊపిరి లోపం కాదు.

రీడ్ (మౌత్‌పీస్‌కు బిగించే పలుచటి పలక) కొస ఎండి అలలు తేలితే కీచుమంటది. నోట్లో ఒక నిమిషం తడపండి. మూడు నాలుగు రీడ్లు మార్చుకుంట వాడండి, గాజుపలక మీద బోర్లించి ఆరబెట్టండి.